స్టాండ్ వేశాక

బండి మీద ఒంటరిగా దూరం బయల్దేరేవాళ్ళకు ఇంట్లోవాళ్ళు చెప్పే జాగ్రత్తలన్నీ రోడ్డు గురించే. మెల్లగా వెళ్ళు, లారీల పక్కన నడపకు, అలసటగా ఉంటే ఎక్కడైనా ఆగు. ఆగితే ఇక భయం లేదన్న ధీమా ఆ చివరి మాటలో ఉంది. డేవీ జి. జాన్సన్ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ ధీమా గురించే ఆలోచిస్తున్నాను.

జాన్సన్ అమెరికాలో కార్లు, బైకుల గురించి రాసిన జర్నలిస్టు. జలోప్నిక్, ఆటోవీక్, కార్ అండ్ డ్రైవర్ వంటి చోట్ల ఆయన రాతలు వచ్చేవి. 2019 జూన్ మొదటి వారంలో హోండా బైక్ వేసుకుని ఒక్కరే కాలిఫోర్నియా కొండల దారిలో వెళ్ళారు. ఇంటికి తిరిగి రాలేదు. మొకాలమీ హిల్ అనే చిన్న ఊరి దగ్గర, 49వ నంబర్ హైవే పక్కన బైక్ కనిపించింది. సామాన్లు మొకాలమీ నది ఒడ్డున దొరికాయి. షెరీఫ్ బృందాలు నదిని గాలించాయి. మిత్రులు, తోటి జర్నలిస్టులు ఆశ వదలకుండా ఎదురుచూశారు. రెండు వారాలు దాటాక ఆ నదిలోనే ఆయన మృతదేహం బయటపడింది. ఆయన వయసు 43.

ఆ హైవేకి 49 అన్న నంబరు ఊరికే రాలేదు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు ఎగబడ్డ జనం గుర్తుగా పెట్టింది. నాటి గనుల ఊళ్ళను ఒకదానితో ఒకటి కలుపుతూ, సియెరా నెవాడా పర్వతాల పాదాల వెంట మెలికలు తిరుగుతూ పోతుంది. మార్క్ ట్వెయిన్‌కు తొలిసారి పేరు తెచ్చిన కప్ప కథ పుట్టింది కూడా మొకాలమీ హిల్ ఉన్న కాలవెరస్ కౌంటీలోనే. మలుపు మీద మలుపు, లోయలోకి దిగుడు, వంతెన, మళ్ళీ ఎక్కుడు. బైక్ నడపడం వచ్చినవాళ్ళకు, దాని గురించి రాయడం వచ్చినవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

ఈ విషాదంలో నన్ను వదలని విషయం ఒకటుంది. ఆ రోడ్డు ఆయన్ను ఏమీ చేయలేదు. అన్ని మలుపులూ సరిగ్గానే తిరిగారు. బండిని పక్కకు తీసి పద్ధతిగా నిలిపారు. జరిగిందేదో ఆ తర్వాత, నీటి దగ్గర జరిగింది.

ఆగిన ఆ క్షణం ఎలా ఉంటుందో దూరాలు నడిపేవాళ్ళందరికీ అనుభవమే. మారేడుమిల్లి ఘాట్‌లో ఎండవేళ ఏ వాగు పక్కనో నేను బండి ఆపినప్పుడు ఒళ్ళు ఇంకా రోడ్డు మీదే ఉంటుంది. సైడ్ స్టాండ్ వేసి తాళం తిప్పితే ఇంజన్ టిక్కు టిక్కుమంటూ చల్లారుతుంటుంది. గ్లోవ్స్ తీస్తే అరచేతుల్లో ఇంకా హ్యాండిల్ అదురు. చెవుల్లో గాలి హోరు. జాకెట్ లోపల చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. అప్పటిదాకా ప్రతి మలుపు దగ్గరా ఇసుక ఉందా, ఆవు అడ్డొస్తుందా, ఎదురుగా బస్సు వస్తోందా అని కాపలా కాసిన మనసు ఒక్కసారిగా డ్యూటీ దిగిపోతుంది. పదడుగుల దూరంలో నీళ్ళు. దాహం, అలసట, ఉక్కపోత కలిసి ఆ నీళ్ళవైపే లాగుతాయి. అంతసేపు ఎంత జాగ్రత్తగా నడిపామో, ఆగాక అంత నిశ్చింతగా ఉండాలనిపిస్తుంది.

ఇన్నేళ్ళుగా బండి నడిపేవాళ్ళ కోసం వచ్చిన భద్రత దాదాపు అంతా బండి కదులుతున్నప్పటి కోసమే. మన దేశంలో 125 సీసీ దాటిన బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి అయింది కూడా ఆ 2019 ఏప్రిల్ నుంచే. ఎయిర్‌బ్యాగ్ జాకెట్లు వచ్చాయి. బండి గుద్దుకుంటే దానంతటదే ఇంటికి కబురు పంపే ఫోన్లు వచ్చాయి. సిగ్నల్ లేని కొండల్లో శాటిలైట్ ద్వారా సాయం అడిగే పరికరాలు కూడా దొరుకుతున్నాయి. అవన్నీ మంచివే, కొనగలిగినవాళ్ళు కొనుక్కోవాలి. కానీ స్టాండ్ మీద నిలబడిన బండి ఏ ప్రమాదాన్నీ గుర్తించలేదు. మనిషి నీళ్ళలో దిగితే ఫోను, పరికరం రెండూ ఒడ్డున బ్యాగులోనే ఉంటాయి.

ఇక ఆ నీటి సంగతి. 2019 చలికాలంలో సియెరా నెవాడా మీద మామూలు కంటే చాలా ఎక్కువ మంచు పడింది. జూన్ వచ్చేసరికి అదంతా కరిగి నదుల్లోకి దిగుతోంది. పైన ఎండ మాడుస్తుంటే కింద మంచునీళ్ళు ఉరకలేస్తుంటాయి. పదిహేను డిగ్రీల కంటే చల్లని నీళ్ళలో ఒక్కసారిగా పడితే మనిషికి తెలియకుండానే ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీరే. గడ్డకట్టేంత చల్లని నీళ్ళ విషయంలో నిపుణులు ఒక లెక్క చెబుతారు: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, స్పృహ నిలిచేది ఒక గంట. ఆ గంట వరకూ బతికుండే అవకాశం చాలామందికి రాదు. మొదటి నిమిషంలోనో, పది నిమిషాల్లోనో మునిగిపోతారు. ఎంత గజ ఈతగాడైనా కండరాలు బిగుసుకుపోతే చేసేదేమీ లేదు.

ఇది మన పిల్లలకు మరీ గట్టిగా చెప్పాలి. మనం ఈత నేర్చుకునేది కాలవల్లో, చెరువుల్లో, మోట బావుల్లో. ఆ వెచ్చని నీళ్ళు నేర్పిన ధైర్యం మంచునీళ్ళలో పనికిరాదు. చలి ఒక్కటే కాదు, ప్రవాహమూ ప్రమాదమే. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థుల్లో 24 మందిని ప్రవాహం ఈడ్చుకుపోయింది. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగుతున్నవాళ్ళకు ఒడ్డుకు చేరే వ్యవధి దొరకలేదు. 2024 ఏప్రిల్‌లో, స్కాట్లండ్‌కు చదువుకోవడానికి వెళ్ళిన ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు అక్కడి లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర నీట మునిగి పోయారు. ఒకచోట డ్యామ్, ఒకచోట జలపాతం, ఒకచోట కరిగిన మంచు. పరిస్థితులు వేరైనా, అందరూ చేసిన పని ఒకటే: చూడచక్కని చోట కాసేపు ఆగారు.

దీనికి విరుగుడు ఒంటరి ప్రయాణాలు మానుకోవడమే అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పక్కన మాట్లాడే మనిషి ఉంటే బండి చెప్పేది వినపడదు. మూడో గేరులో ఇంజన్ ఎక్కడ గుంజుకుంటుందో, సీటు ఎన్నో గంటకు నొప్పి పుట్టిస్తుందో, దిగుడులో బ్రేకు ఎంత నమ్మకం ఇస్తుందో ఒంటరిగా నడిపినవాడికే తెలుస్తుంది. బ్రిటిష్ జర్నలిస్టు టెడ్ సైమన్ 1973లో ఒక ట్రయంఫ్ బైక్ మీద ఒంటరిగా బయల్దేరి, మన దేశం మీదుగా కూడా సాగి, నాలుగేళ్ళ పాటు ప్రపంచం తిరిగి వచ్చారు. ఆయన రాసిన ‘జూపిటర్స్ ట్రావెల్స్’ చదివి ఎందరో బళ్ళు బయటికి తీశారు. ఒంటరితనమే ఆ పుస్తకానికి చూపునిచ్చింది. జాన్సన్ లాంటివాళ్ళ పనిలోనూ ఆ ఒంటరితనం భాగమే. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

మనం మార్చుకోగలిగింది ఆగే పద్ధతిని. నడపడం ఎంత నేర్పో ఆగడమూ అంత నేర్పే. బయల్దేరే ముందు ఎక్కడికి వెళ్తున్నామో అందరం చెబుతాం. ఏ దారిన వెళ్తామో, ఎక్కడెక్కడ ఆగాలనుకుంటున్నామో చెప్పేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఒక్క మనిషికి ఆ వివరం కాగితం మీద రాసివ్వాలి. ఫలానా వేళకు ఫోన్ రాకపోతే ఏ పోలీస్ స్టేషన్‌కు చెప్పాలో కూడా అందులో ఉండాలి. పరికరం ఒడ్డున ఉండిపోయినా, చెప్పిన వేళ దాటిందని ఒక మనిషి కంగారుపడితే వెతుకులాట త్వరగా మొదలవుతుంది. నీళ్ళ దగ్గర ఆగితే మొదట నీడన కూర్చోవాలి. సీసాలో నీళ్ళు తాగి, ఒళ్ళు చల్లబడ్డాక, ఆ ఊరివాళ్ళు ఎవరైనా కనిపిస్తే లోతెంతో, ఎగువన డ్యామ్ ఉందో లేదో అడగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు తెలియని నీళ్ళలోకి దిగకపోవడమే మంచిది. ముఖం కడుక్కోవడానికి సీసా నీళ్ళు చాలు.

రాసేవాళ్ళకూ ఇందులో బాధ్యత ఉంది. మనం ఒక మలుపు గురించి రాస్తే అక్కడ ఇసుక పేరుకుంటుందని కూడా రాస్తాం. పెట్రోల్ బంకు ఎన్ని కిలోమీటర్లకు ఉందో చెబుతాం. దారిలో ఉన్న జలపాతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని అందం వర్ణించి, ఫొటో పెట్టి ముందుకు వెళ్ళిపోతాం. ఆ నీళ్ళు ఏ నెలలో ఎలా ఉంటాయి, రాళ్ళు పాచి పట్టి ఉంటాయా, అక్కడ ఫోన్ సిగ్నల్ అందుతుందా అన్న ముక్క ఉండదు. చదివినవాడు మన మాట నమ్మి అక్కడే బండి ఆపుతాడు. రోడ్డు గురించి ఎంత నిక్కచ్చిగా రాస్తామో, ఆగే చోటు గురించీ అంతే నిక్కచ్చిగా రాయడం ఆ పాఠకుడికి మనం పడ్డ బాకీ. ఇక నుంచి ఈ కాలమ్‌లో ఏ దారి గురించి రాసినా ఆ బాకీ తీర్చే రాస్తాను.