చూరు, ఛజ్జా

ఇంటికప్పు గోడ దాటి బయటికి వచ్చే చోటును పల్లెలో చూరు అంటారు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో స్లాబు పోస్తున్న మేస్త్రీని వానకు అడ్డం ఏం పెడతావని అడిగితే ఛజ్జా అంటాడు, లేదా సజ్జ అంటాడు. (వంటింటి అటకనూ ఇక్కడ సజ్జ అనే అంటారు. అదీ గోడలోంచి చాచిన పలకే కాబట్టి కాబోలు.) చూరు ద్రావిడ మాట. కన్నడంలో అది సూరు, అక్కడ తలదాచుకునే చోటు అనే అర్థం కూడా వచ్చింది. ఛజ్జా మాత్రం ఉర్దూ దారిలో మన దగ్గరికి చేరింది. అయినా దాని వేరు కప్పడం అనే అర్థమున్న సంస్కృత ‘ఛద్’ ధాతువులోనే ఉంది. ఆచ్ఛాదన పుట్టిందీ అందులోంచే.

చూరు కప్పులో భాగం. వాసాలు గోడ మీద ఆగకుండా ముందుకు సాగితే, వాటి మీద పరిచిన ఆఖరి పెంకుల వరసే చూరు. ఛజ్జా అలా కాదు, దానికి కప్పుతో పొత్తు లేదు. కిటికీ లింటెల్ దగ్గర గోడలోంచి అడుగున్నర, రెండడుగులు చాచిన పలక అది. దాని ప్రాణమంతా పై వరస సలాకల్లో ఉంటుంది. తెలియని చేతులు వాటిని అడుగున పరిస్తే, సెంట్రింగ్ విప్పగానే గోడ అంచున పగులు తేలుతుంది.

చూరు మనిషి చేతికి అందేది. కొడవలి అందులో దోపేవాళ్ళు, పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు దానికే కట్టేవాళ్ళు. ఛజ్జాకు ఆ చేరువ లేదు. కానీ మూడంతస్తుల ఇంటికి చూరు ఏం చేయగలదు? అది కాపాడేది పై అంతస్తునే, కింది కిటికీల్లోకి జల్లు కొడుతూనే ఉంటుంది. ఛజ్జా అయితే ప్రతి కిటికీకీ విడిగా గొడుగు పడుతుంది.

రాతిలో ఈ రెండూ దగ్గరయ్యాయి. 1213 నాటి రామప్ప గుడికి చుట్టూ రాతి చూరు దిగుతుంది, దాని కింద మదనికలనే స్త్రీ శిల్పాలు నిలబడి ఉంటాయి. చూడబోతే అది కప్పు అంచే. కానీ విడి పలకలుగా చెక్కి నిలిపిన పని కాబట్టి ఛజ్జా పోలికా ఉంది. దక్షిణాది శిల్పశాస్త్రం వంపు తిరిగిన ఇలాంటి అంచును కపోతం అంది. పావురం రొమ్ము వంపును బట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, పావురాలు వాలే చోటు కాబట్టి వచ్చిందని కొందరు చెబుతారు. ఆ వంపులో నాకు కనిపించేది మాత్రం గడ్డికప్పు అంచే. అలాగే హైదరాబాద్ కార్వాన్‌లో 1671 నాటి టోలీ మసీదు ఛజ్జాను మోసే బ్రాకెట్లు చూస్తే, గుడులు కట్టిన చేతులే అక్కడా పనిచేశాయని అనిపిస్తుంది.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి బాలాపూర్ దాకా పోర్టికోల మీద స్లాబును ఏటవాలుగా పోసి, పైన ఎర్ర పెంకులు అతికిస్తున్నారు. కట్టడం ఛజ్జాది, రూపం చూరుది. దాన్ని నకిలీ అని తోసిపుచ్చను. రెండడుగులు బయటికి చాచి, అంచు అడుగున నీళ్ళు తెగిపడే గాడి తీస్తే రెండింటి పనీ అదే చేస్తుంది. ఆ గాడి లేకపోతే వాననీరు పలక అడుగునే వెనక్కి పాకి గోడలోకి దిగుతుంది. చాలా ఇళ్ళలో పెంకులకు పెట్టిన ఖర్చు కనిపిస్తోంది గానీ, గాడి కనిపించడం లేదు.