రోమన్ కార్మెన్: చూసిన దృశ్యం, నటింపజేసిన దృశ్యం

సోవియట్ యుద్ధకాలపు డాక్యుమెంటరీని గురించి ఏ పుస్తకం తెరిచినా రోమన్ కార్మెన్ (1906–1978) పేరు కనిపిస్తుంది. ఒడెస్సాలో పుట్టి, మాస్కోలోని సినిమా విద్యాసంస్థలో 1932లో చదువు ముగించిన ఈ కెమెరామన్ స్పెయిన్, చైనా, లెనిన్‌గ్రాడ్, స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్, వియత్నాం, క్యూబాలలో చిత్రీకరించాడు. కొందరు విమర్శకులకు ఆయన ప్రాణాలకు తెగించిన సాక్షి, మరికొందరికి ప్రభుత్వ ప్రచారకుడు. జవాబు పత్రాలలో విద్యార్థులు కూడా ఈ రెండింటిలో ఏదో ఒకటి పట్టుకొని పేజీలు నింపుతుంటారు. దిద్దేవారికి అది తేలికే. కానీ కార్మెన్‌ను మొత్తంగా ఒకేసారి తూచడం కుదరదని నా అభిప్రాయం. ప్రతి షాట్‌నూ విడిగా పట్టుకొని, ఇది ఎప్పుడు తీసినది, తీసేటప్పుడు కెమెరా ముందు ఏం జరుగుతున్నది అని అడగాలి.

స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, 1936 ఆగస్టులో, బోరిస్ మకాసెయేవ్‌తో కలిసి కార్మెన్ అక్కడికి వెళ్లాడు. వారు పంపిన ఫిల్మ్ మాస్కోలో వార్తాచిత్రాలుగా విడుదలైంది. 1939లో ఎస్ఫిర్ షూబ్ అదే దృశ్యాలతో 'స్పెయిన్' అనే చిత్రాన్ని కూర్చింది. తీసినది ఒకరు, అర్థాన్ని నిర్ణయించినది మరొకరు. కార్మెన్ వృత్తి జీవితమంతా ఈ పద్ధతి కొనసాగింది.

లెనిన్‌గ్రాడ్ ముట్టడి విషయంలో ఇది మరీ స్పష్టం. 1941–42 శీతకాలంలో ఆకలితో మాడుతున్న నగరాన్ని ఎక్కువగా చిత్రీకరించినది అక్కడి న్యూస్‌రీల్ స్టూడియో మనుషులే. వారూ అదే ఆకలిలో ఉన్నారు. మంచులో కూరుకుపోయిన ట్రామ్‌లు, మంచుగడ్డకు కన్నం పెట్టి నీళ్లు తోడుకునే ఆడవాళ్లు, గుడ్డలో చుట్టిన శవాన్ని పిల్లలు ఆడుకునే స్లెడ్జి బండి మీద లాక్కుపోయే మనిషి – ఇవి ఎవరూ నటించినవి కావు. అయితే తొలి కూర్పులో కష్టాలు మరీ ఎక్కువయ్యాయని నగర పార్టీ నాయకుడు జ్దానోవ్ అభ్యంతరం చెప్పాడు. ఆ తరువాత 1942లో విడుదలైన 'పోరాటంలో లెనిన్‌గ్రాడ్' చిత్రానికి దర్శకులుగా కార్మెన్, యెఫీమ్ ఉచీతెల్ మొదలైనవారి పేర్లున్నాయి. చిత్రంలో ఆకలి ఉంది, కాని ఆయుధ కర్మాగారాలూ సైనికులూ దానిని త్వరగా దాటించేస్తారు. 2005లో సెర్గీ లోజ్నిత్సా ముట్టడికాలపు దృశ్యాలను వ్యాఖ్యానమేమీ లేకుండా 'బ్లాకేడ్' పేరుతో మళ్లీ కూర్చాడు. రెండింటినీ పక్కపక్కన చూడగలిగితే, ఒకే నగరపు దృశ్యాలు ఎంత వేరుగా మాట్లాడగలవో తెలుస్తుంది.

1944 జులైలో ఎర్రసైన్యం పోలండ్‌లోని మైదానెక్ మారణశిబిరానికి చేరింది. అక్కడ పనిచేసిన కెమెరామన్లలో కార్మెన్ ఒకడు. దహన కొలుములు, విషవాయువు డబ్బాలు, గుట్టలుగా పడివున్న బూట్లు ఫిల్మ్ మీదికెక్కాయి. ఆ సమయంలోనే బ్రిటిష్ పత్రికా విలేఖరి అలెగ్జాండర్ వెర్త్ మైదానెక్ గురించి పంపిన కథనాన్ని బీబీసీ ప్రసారం చేయలేదు. రష్యన్ల ప్రచారపు ఎత్తుగడ అనుకున్నారు. సోవియట్ ప్రచారం మీద అప్పటికే ఉన్న అనుమానం ఒక నిజాన్ని కూడా అడ్డుకున్నదన్నమాట. మరోవైపు, చనిపోయినవారిలో అత్యధికులు యూదులన్న సంగతిని సోవియట్ చిత్రాల వ్యాఖ్యానం దాదాపు దాటవేసింది. బొమ్మ నిజమైనదే, దాని పక్కన వినిపించే గొంతు సగమే చెప్పింది.

1946 ఫిబ్రవరి 19న న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో సోవియట్ ప్రాసిక్యూషన్ నాజీ అకృత్యాల చిత్రాన్ని ప్రదర్శించింది. దృశ్యాలు యథాతథమైనవని కెమెరామన్లు ఇచ్చిన ప్రమాణపత్రాలను కూడా దాఖలు చేసింది. ఆ విచారణను చిత్రీకరించిన సోవియట్ బృందానికి నాయకుడు కార్మెనే. ఎలిజవేతా స్విలోవాతో కలిసి అదే ఏడాది 'ప్రజల న్యాయస్థానం' తీశాడు. అదే ప్రాసిక్యూషన్ కాటిన్ అడవిలో పోలిష్ అధికారుల హత్యలను కూడా జర్మన్ల మీద మోపింది. తీర్పులో దాని ప్రస్తావన లేదు. ఆ హత్యలు తమవారి పనేనని మాస్కో ఒప్పుకొనేసరికి 1990 వచ్చింది.

ఇప్పుడు వియత్నాం చూడండి. దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచ్ స్థావరం 1954 మే 7న పడిపోయింది. కార్మెన్ ఆ దేశానికి చేరింది ఆ తరువాతే. ఫ్రెంచ్ సేనాని ద కాస్త్రీ బంకర్ మీద జెండా ఊపుతున్న సైనికుడి దృశ్యాన్ని అతడు మళ్లీ నటింపజేసి తీశాడు. బందీలైన ఫ్రెంచ్ సైనికులను కూడా కెమెరా కోసం బారులు తీర్చి నడిపించారు. ఈ బొమ్మలను నేటికీ మే 7నాటివిగానే అచ్చువేస్తున్న పుస్తకాలున్నాయి.

విజయం నిజమైనదే కదా, మళ్లీ నటింపజేస్తే తప్పేమిటి అని కార్మెన్ అభిమానులు అడుగుతారు. అమెరికన్ దర్శకుడు జాన్ హూస్టన్ 'బ్యాటిల్ ఆఫ్ సాన్ పియెత్రో'లోనూ పోరాట దృశ్యాలు చాలావరకు పోరు ముగిశాక తీసినవే. ఈ వాదనలో బలం లేకపోలేదు. కాని ప్రేక్షకుడికి ఆ మాట చెప్పలేదన్నదే నా అభ్యంతరం. న్యూరెంబర్గ్‌లో సాక్ష్యం చూపిన బృందంలోని మనిషే దియెన్ బియెన్ ఫూలో సన్నివేశం కట్టినప్పుడు, మైదానెక్ బూట్ల గుట్టను కూడా కట్టుకథ అనదలచినవాడి చేతికి ఒక సాకు దొరుకుతుంది. ఆ నష్టం ఫ్రెంచ్ వారికి జరిగినది కాదు, మైదానెక్‌లో చనిపోయినవారికి జరిగినది.

భారతదేశం మీద 1959లో తీసిన 'భారత ఉదయం', అదే దశలో వచ్చిన కాస్పియన్ చమురు కార్మికుల చిత్రాలు చూడముచ్చటగా ఉంటాయి; వాటి గురించి అంతకుమించి చెప్పవలసింది లేదు. చివరి పెద్ద పని మాత్రం గమనార్హం: అమెరికన్లతో కలిసి తీసిన 20 భాగాల టెలివిజన్ ధారావాహిక 'అజ్ఞాత యుద్ధం'. బర్ట్ లాంకాస్టర్ వ్యాఖ్యానం చెప్పిన ఈ ధారావాహిక 1978లో వచ్చింది. ఆ ఏడాదే కార్మెన్ మరణించాడు.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఒక యుద్ధ డాక్యుమెంటరీ నుండి మూడు షాట్లు ఎంచుకోండి. ఒక్కొక్కదానిలో కెమెరా ఎక్కడ నిలబెట్టి ఉందో, కాల్పులు జరుగుతుంటే అక్కడ నిలబడడం సాధ్యమా కాదా అన్నది పది పంక్తులలో రాయండి.