కంప్యూటర్ ఆటల్లో విజయనియమం - సప్తసంతాన భావన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ ఆటలోని అర్థం దాని కథలో కంటే నియమాలలో ఎక్కువగా వ్యక్తమవుతుంది. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆటలోని ద్రవిడుల విభాగాన్ని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కాకతీయకాలపు ఆధారాలతోనూ, సాహిత్య ఆధారాలతోనూ పోల్చి, ఆ ఆట దేనిని విజయంగా లెక్కిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కంప్యూటర్ ఆటలు, నియమం, సప్తసంతానాలు, చెరువు, కాకతీయులు, వెణ్బా.

1. ఉపోద్ఘాతం:
సినిమా తెలుగు సాహిత్యవిమర్శకు అధ్యయనవస్తువు కావడానికి చాలా కాలం పట్టింది. కంప్యూటర్ ఆటలు ఇప్పుడు అదే దశలో ఉన్నాయి. మన విద్యార్థులు సాయంత్రాలు గడిపే ఈ ఆటలను కాలక్షేపమనో వ్యసనమనో తేల్చివేయడమే తప్ప, పాఠ్యంగా చదివే ప్రయత్నం తెలుగు శాఖలలో అరుదు. దక్కన్ మధ్యయుగ చరిత్రను గురించి ఒక విద్యార్థికి కలిగే తొలి ఊహ ఆట ద్వారానే ఏర్పడుతున్నప్పుడు, ఆ ఊహ స్వరూపాన్ని పరిశీలించడం మన బాధ్యత.

2. నియమమే అర్థం:
ఆటలు తమ వాదాన్ని నియమాల ద్వారా వినిపిస్తాయని ఇయాన్ బొగోస్ట్ 2007లో వెలువడిన 'పర్సుయేసివ్ గేమ్స్' గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన మన ఆటలకూ వర్తిస్తుంది. వైకుంఠపాళిలో ఆటగాని నేర్పుకు చోటు లేదు. గవ్వలు పడినట్టు కాయ నడుస్తుంది. నిచ్చెన ఎక్కిస్తుంది, పాము దించుతుంది. పుణ్యపాపాల తాత్త్వికత అక్కడ నియమంగా మారింది. పులిమేకలో గవ్వలు లేవు. బలహీనమైన మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులులకు దారి లేకుండా చేస్తే గెలుస్తాయి. ఒక ఆట విధిని, మరొకటి సమష్టి వ్యూహాన్ని ప్రతిపాదిస్తున్నాయి. ఈ రెండింటిలోనూ చెప్పుకోదగిన కథ లేదు. అర్థమంతా నియమం నుంచే పుడుతోంది.

3. ద్రవిడుల విభాగం - స్వరూపం:
'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' 1999లో వెలువడింది. దాని నవీకృతరూపం 2019లో వచ్చి నేటికీ విస్తృతంగా ఆదరణ పొందుతోంది. 2013 నుంచి 'ఇండియన్స్' అనే ఒకే పేరుతో ఉన్న విభాగం 2022 ఏప్రిల్‌లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'తో హిందుస్తానీలుగా మారింది. దానితోపాటు గుర్జరులు, వంగీయులు, ద్రవిడులు కొత్తగా చేరారు. భారతదేశాన్ని ఏకశిలగా చూడని ఈ మార్పు ఆహ్వానించదగినదే.

ద్రవిడుల విభాగానికి కథానాయకుడు రాజేంద్రచోళుడు. నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రునికి ఇతడు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. ఈ బంధుత్వం తెలుగు సాహిత్యచరిత్రకు ఎంతో ముఖ్యమైనది. ఆటలో మాత్రం నౌకాబలం, కాలిబలం ఈ విభాగపు ప్రత్యేకతలు. కాకతీయులకు వేరుగా విభాగం లేదు. తెలుగునేల ద్రవిడులనే సామాన్యనామంలో కలిసిపోయింది. ఆటలోని పాఠ్యం హిందీలో లభిస్తున్నా తెలుగులో లభించడం లేదు. అయితే పేరు లేకపోవడం కంటే లోతైన లోపం నియమాలలో ఉంది.

4. చెరువు లేని సేద్యం:
ఈ ఆటలో ఆహారం, కలప, బంగారం, రాయి అనే నాలుగు వనరులున్నాయి. 60 పాళ్ల కలప వెచ్చిస్తే పొలం సిద్ధమవుతుంది. దానికి నీటితో పనిలేదు. పంట అయిపోతే మళ్లీ కలప చెల్లించి విత్తుకోవాలి. నీరు పటంలో ముందే ఉంటుంది. అది చేపలకు, ఓడలకు ఆధారం. ఆటగాడు నీటిని నిలవచేయలేడు.

వానమీద ఆధారపడిన తెలంగాణ మెట్టనేలకు ఈ నియమం పొసగదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలమాంబ నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారంలో ధర్మకీర్తిసముద్రమనే చెరువు నిర్మింపజేసింది. అక్కడి శాసనం కాకతీయ వంశక్రమానికి ప్రధానాధారాలలో ఒకటి. భూపాలపల్లి జిల్లా గణపురంలో చెరువు, కోటగుళ్లు నేటికీ ఆ కాలానికి సాక్ష్యాలుగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో రాజ్యం విస్తరించిన తీరును చెరువును విడిచి వివరించలేం.

ఆట వేగంగా సాగాలంటే వాస్తవాన్ని కుదించక తప్పదని ఎవరైనా వాదించవచ్చు. అది నిజమే. కానీ కుదింపు కూడా ఎంపికే. కలపను, రాతిని లెక్కించిన నియమం నీటిని లెక్కించలేదు. అడవి కొట్టి పొలం చేసుకునే నేలను ప్రమాణంగా తీసుకున్న ఊహ ఇందులో కనబడుతుంది.

5. గెలుపు - సప్తసంతానాలు:
ఆట ప్రామాణిక నియమాల ప్రకారం శత్రుసంహారం, పవిత్రావశేషాల సేకరణ, అద్భుతకట్టడ నిర్మాణం అనే మూడు మార్గాలలో గెలవవచ్చు. కట్టడాన్ని ఆట లెక్కలో 200 సంవత్సరాలు కాపాడితే విజయం లభిస్తుంది.

మన సంప్రదాయంలో కీర్తిని శాశ్వతం చేసే సప్తసంతానాలుగా తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు ప్రసిద్ధం. మధ్యయుగ పాలకులకు ఇవే విజయనియమాలు. ఈ జాబితాలో చెరువూ కావ్యమూ ఒకే వరుసలో ఉన్నాయి, యుద్ధవిజయం లేదు. ఈ మూడు జిల్లాలను ఆ దృష్టితో చూస్తే బయ్యారంలో తటాకం, గణపురంలో తటాకంతోపాటు దేవాలయం, జనగామ జిల్లాలోని పాలకుర్తి, బమ్మెరలలో సోమనాథ, పోతనల కృతిసంప్రదాయం కనబడతాయి. పోతన తన భాగవతాన్ని శ్రీరామునికే అంకితం చేయడం ఈ జాబితాలోని కృతికి రాజాశ్రయం అవసరం లేదని కూడా నిరూపిస్తుంది. ఆటలో కవి లేడు. కృతికి విలువకట్టే నియమమూ లేదు. ఆటలో కట్టడం పూర్తయితే ముగింపు దగ్గరపడుతుంది. చెరువు పూర్తయితే సేద్యం మొదలవుతుంది.

ఈ పోలికలో సంప్రదాయానికీ పరిమితి ఉంది. దానశాసనాలు సాధారణంగా దాతను కీర్తిస్తాయి. మట్టి మోసినవారి పేర్లు చెప్పవు. ఆట సాధారణంగా ముగ్గురు గ్రామీణులతో మొదలవుతుంది. వారి శ్రమ లేనిదే సైన్యం లేదు, కోట లేదు. శ్రమను కళ్లకు కట్టించడంలో ఆట శాసనం కంటే ముందుంది.

6. సంస్కృతి నుంచి పుట్టిన నియమం - 'వెణ్బా':
నియమాన్ని సంస్కృతి లోపలినుంచి రూపొందించడం సాధ్యమేనని 2023లో విడుదలైన 'వెణ్బా' నిరూపించింది. టొరంటోకు చెందిన విసై గేమ్స్ దీనిని నిర్మించింది. 1980లలో కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబకథ ఇది. అక్షరాలు చెరిగిన వంటపుస్తకం నుంచి వంటల క్రమాన్ని ఆటగాడు ఊహించి పూరించాలి. జ్ఞాపకం చెరగడం, దానిని తిరిగి కూర్చుకోవడం ఇక్కడ వర్ణన స్థాయిలో ఆగకుండా ఆటగాడు చేయవలసిన పనిగా మారాయి. 2024లో ఇది తొలి ఆట విభాగంలో బాఫ్టా పురస్కారం పొందింది. తక్కువ నిడివిగల ఈ ఆట, వేషభాషలను అద్దడానికీ నియమాన్ని కల్పించడానికీ మధ్యనున్న తేడాను స్పష్టం చేస్తుంది.

7. ముగింపు:
- ఆటను విమర్శించేటప్పుడు పాత్రలు, దృశ్యాలతోపాటు వనరులు, విజయనియమాలు పరిశీలించాలి.
- ద్రవిడుల విభాగం దక్షిణభారతానికి గుర్తింపునిచ్చినా, నీటిని నిలవచేసే సేద్యానికీ కృతికీ విలువనిచ్చే నియమాలను కల్పించలేదు.
- సప్తసంతాన భావన ఆటల విమర్శకు మన సంప్రదాయం నుంచి లభించే ఉపయుక్తమైన కొలమానం. దాని పరిమితులను కూడా గుర్తిస్తూ వినియోగించాలి.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'తోపాటు ఘట్టాలను స్వయంగా కూర్చుకునే సాధనం లభిస్తుంది. దాని సాయంతో గెలుపు షరతులను మార్చుకోవచ్చు. ఈ మూడు జిల్లాల కళాశాలలలో తెలుగు, చరిత్ర, కంప్యూటర్ శాఖలు కలిసి బయ్యారం శాసనం ఆధారంగా ఒక ఘట్టాన్ని రూపొందిస్తే, విద్యార్థికి శాసనపఠనమూ ఆటల విమర్శా ఒకేసారి అలవడతాయి. చెరువును గెలుపుగా లెక్కించే ఆటను ఊహించగలిగేది చెరువుకింద బతికిన సమాజమే.