మందు కల్తీయా?

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో పత్తిపురుగు చావనప్పుడు మొదట వినబడే మాట "మందు కల్తీది" అని. దీనిని అజ్ఞానమని కొట్టివేయరాదు. నకిలీ మందులు అమ్ముడైన మాట నిజమే. కాని అసలైన మందుకు కూడ పురుగు చావని రోజు వస్తుందన్న సంగతికి ఈ అభిప్రాయంలో చోటు లేదు.

1980 ప్రాంతాల పైరిథ్రాయిడ్ మందులు పత్తిచేలలోకి వచ్చినవి. మొదట శనగపచ్చ పురుగు రాలిపోయింది; రైతులు వాటినే పదేపదే చల్లారు. పురుగులలో పుట్టుకతోనే మందును తట్టుకొనగలవి ఏ కొద్దో ఉంటవి. మందు తక్కినవాటిని చంపి, చేనును ఆ కొద్దింటికి అప్పగిస్తుంది. పురుగు "అలవాటు పడింది" అనడం వాడుక. నిజానికి ఏ పురుగూ అలవాటు పడలేదు. తట్టుకోలేనివి చచ్చినవి, తట్టుకున్నవి గుడ్లు పెట్టినవి. 1987లో ఆంధ్ర ప్రాంతపు పురుగులను పరీక్షించినప్పుడు ఈ నిరోధశక్తి బయటపడింది. ఆ 1987–88 పంటకాలంలోనే ప్రకాశం జిల్లాలో అప్పులపాలైన పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు.

కల్తీ అనుకున్న రైతు కొట్టు మార్చుతాడు. కొత్త కొట్టులో వేరొక పేరుతో, వేరొక రంగు డబ్బాలో, అదే రసాయనాన్ని కొంటాడు. ఈ అభిప్రాయంవల్ల అసలు నష్టం ఇక్కడ ఉన్నది.

2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి కథా దీనికి దూరం కాదు. 450 గ్రాముల విత్తనంతోపాటు, చేను చుట్టూ వేయడానికి 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. మామూలు మొక్కలపై పెరిగిన పురుగులు, తట్టుకొనే పురుగులతో జతకట్టి ఆ శక్తిని పలుచన చేయాలని ఉద్దేశం. చాలామంది ఆ పొట్లాన్ని పారవేశారు. గులాబిరంగు పురుగు తిరిగి వచ్చింది. ఆ పొట్లం ఎందుకిచ్చారో పల్లెలో ఎవరినైనా అడిగి చూడవచ్చు.