ఫోను ఇచ్చిన చెయ్యి

పిల్లల మీద సెల్‌ఫోను ప్రభావం గురించి తెలుగులో వస్తున్న రాతలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఆదివారం అనుబంధమైనా, టీవీలో డాక్టరుగారి సలహా అయినా మొదలు ఒకటే. నాలుగు ముద్దలు తినిపించడానికి తల్లి ఫోను చేతిలో పెడుతుంది, బిడ్డ మొండిగా, కోపిష్టిగా తయారవుతాడు. తండ్రి ఆ కథలోకి రాడు. వస్తే ఫోను కొనిచ్చినవాడుగా వస్తాడు.

హాని లేదని నేననడం లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించి తెర చూపించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని ఆరు నెలలపాటు పరిశీలించి, 2022 చివర్లో ఫలితాలు ప్రచురించారు. ఏడుపు మాన్పించడానికి మాటిమాటికీ ఫోను ఇస్తే చిన్నదానికే రెచ్చిపోయే గుణం పెరుగుతోందని, ముఖ్యంగా మగపిల్లల్లో, తేలింది. తన ఉద్రేకాన్ని తనే అణుచుకోవడం నేర్చుకునే అవకాశం బిడ్డకి తప్పిపోతోందని వాళ్ల అనుమానం. మనవాళ్లు 'తల్లి గారాబం' అని తేల్చేసేది ఇదే.

ఈ సలహాలు చీమకుర్తిలో చదివి చూడండి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడినుంచే దేశదేశాలకి పోతుంది. క్వారీ గుంటలు, రాళ్ల లారీలు. చుట్టుపక్కల పల్లెల్లో మిరపకోతలు. కూలికి పోయే తల్లికి రెండేళ్ల పిల్లని కదలకుండా కూర్చోబెట్టడమంటే ప్రాణం కాపాడుకోవడం. ఆడవాళ్లు పనిచేసే గనుల్లో పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 1966 నాటి నిబంధనలే చెప్పాయి. మస్టరులో పేరే ఎక్కని ఆడమనిషికి ఆ నిబంధన ఏం ఒరగబెడుతుంది? ఆ ఖాళీలోకే ఫోను వచ్చి కూర్చుంది. దీన్ని వదిలేసి 'పిల్లలతో నాణ్యమైన సమయం గడపండి' అనే రాతని నేను విజ్ఞానం అనుకోలేను.

అసలు ఆ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తనకి అందని వస్తువుకి కాపలా కాయలేదని తల్లి మీద నేరం! 2020లో బడులు మూసి పాఠాలు తెరమీదికెక్కించిందీ, 2022 డిసెంబరులో సర్కారు బడి ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచిందీ ప్రభుత్వమే. వాటిలో ఏం చూస్తున్నారో కనిపెట్టుకోవాల్సింది మాత్రం మళ్లీ అమ్మే.

'బిడ్డల శిక్షణ'లో చలం నిలదీసింది పెద్దల్ని. ఇప్పటి నిపుణులు పెద్దల్లో ఒక్కరినే నిలదీస్తున్నారు.

భాష కూడా గమనించాలి. కొడుకు ఫోను పట్టుకుంటే అతని 'వ్యక్తిత్వం' దెబ్బతింటోందని దిగులు. కూతురు పట్టుకుంటే అడిగేది శీలం గురించి, ఎవరితో మాట్లాడుతోందని. పదో తరగతిలో పాఠాల కోసమని ఇచ్చిన ఫోను బడి తెరవగానే ఆమె చేతిలోంచి లాక్కున్న ఇళ్లు మనందరికీ తెలుసు. తమ్ముడి దగ్గర మాత్రం అది అలాగే ఉండిపోయింది.