ఆటోమన్ సుల్తానుల స్వర్ణశిల్పము

ఇస్తాంబూలులోని తోప్‌కాపి రాజప్రాసాదపు ధనాగారమునకు పోయినవారెవరైనను మొట్టమొదట మూడు పచ్చలు పొదిగిన పిడిబాకు చెంతకే పరుగెత్తుదురు. దానిని దొంగిలించు కథతో 1964లో ఒక చలనచిత్రము వెలువడినది మొదలు ఆ అద్దపుపెట్టె చుట్టును జనసమ్మర్దము తగ్గుటయే లేదని చెప్పుకొందురు. నేనును ఆ సమ్మర్దమున మునివేళ్లపై నిలిచి, ముందువాని భుజముమీదుగా దానిని చూచి అబ్బురపడినవాడనే, కాదని బొంకను. అయినను అదే ప్రాసాదమున, జనము నిమిషమైనను ఆగక దాటిపోవు మరియొక పెట్టెలోని పొట్టి కత్తిని చూచిన పిమ్మట, ఆ పచ్చల పిడిబాకు నా కన్నులకు కలవారింటి పెండ్లిపందిరివలె తోచినది.

ఆ కత్తిని తురుష్కులు యతగాను అందురు. దానికి చేతిని కాచు అడ్డుపట్టీ లేదు, ఒకవైపే పదును, కొనకు పోవుకొలది ముందునకు వంపు తిరిగియుండును. హిజ్రీ 933లో, అనగా 1526-27వ సంవత్సరమున, అహమ్మదు తెకెలూ అను శిల్పి దీనిని సుల్తాను సులేమానుకొరకు చేసి, ప్రభువు పేరుతోబాటు తన పేరును గూడ ఉక్కుమీదనే నిలిపెను. పిడి దంతము. పిడికి చేరువగా అలుగుపై డ్రాగను అను ఘోరసర్పమును, సీముర్గు అను దివ్యపక్షియు బంగారు తీగెల పొదలలో తలపడుచున్నవి. దీనికి తోబుట్టువనదగిన కత్తి న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియమున నున్నది. అందలి సర్పమునకు కెంపుల కన్నులు.

ఉక్కుపై బంగారమును నిలుపు ఈ విద్యకు వారి పేరు జెర్నిషాన్. వినుటకు సులభము: ఉక్కులో చీరణముతో సన్నని గాడి తీయవలెను, అందులో బంగారు తీగను కూర్చి సుత్తితో మెల్లగా కొట్టవలెను. అయితే ఆ గాడి మూతి యిరుకై, అడుగు వెడల్పై యుండవలెను. అప్పుడే మేలిమి బంగారము దెబ్బకు అణగి, అడుగున ఇరుప్రక్కలకు వ్యాపించి, మరి యెన్నటికిని వెలికి రాకుండ తనకు తానే మేకు వేసికొనును. తలవెండ్రుకంత గీతను గట్టి ఉక్కులో ఆ విధముగ లోలోపలికి వెడల్పు చేయుచు, లత చుట్టిన చోటనెల్ల చేయి వంపుతో నడచి, ఒక్కచోట జారినను అలుగంతయు పాడగునని యెరిగియు దడదడలాడక, నెలలతరబడి అట్లే కూర్చుండిన మనుష్యుని నేను ఊహించుకొందును. గాడిలో నింపుటతో తృప్తిపడక తెకెలూ తన సర్పమును పక్షిని ఉక్కు మట్టమునకు పైకి ఉబ్బెత్తుగా లేపెను. మన బీదరు పనివారును లోహపు గాడిలో వెండి తీగను దిగగొట్టు విద్యయందు మహానిపుణులే. కాని వారు పిదప సాధారణముగ అంతయు సమతలముగ నరుగదీయుదురు. ఇక్కడ బంగారము ప్రాణముగల జంతువువలె పైకి లేచి చూచుచున్నది. ఇంతకు మించిన పని ఆటోమన్ ఆస్థానమున మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము, కాదనువారితో నేను వాదింపను గూడ వాదింపను.

ఇట్టివారిని పోషించుటకు రాజప్రాసాదమునకు ఎహ్లి హిరెఫ్ అను శిల్పిసంఘ ముండెడిది. 1526 నాటి జీతపు పట్టీలో సుమారు నలుబది వృత్తులవారు, దాదాపు ఆరువందలమంది కనబడుదురు: స్వర్ణకారులు, బంగారము పొదుగువారు, రత్నములు చెక్కువారు, చిత్రకారులు, జరీ నేయువారు, కత్తులు చేయువారు, ఒకరి ప్రక్క నొకరు. మూడు నెలల కొకమారు జీతము. పండుగనాడు శిల్పి తన చేతిపనిని ప్రభువునకు కానుకగా సమర్పించుటయు, ప్రభువు ధనమును అంగవస్త్రమును బహూకరించుటయు ఆచారము. 1514లో తబ్రీజు పట్టణమును సులేమాను తండ్రి సెలీము గెలిచి, అక్కడి నేర్పరులను వెంటబెట్టుకొని వచ్చెను. బాల్కనుల నుండి వచ్చినవారు మరికొందరు. వీరందరును ఆస్థాన చిత్రకారుల లతలనే చూచి పని చేయుచుండుటచేత, కత్తి అలుగుపైని ఆకు పట్టుబట్టపైని ఆకునకు సోదరియై యుండును.

సులేమాను స్వయముగ స్వర్ణకారుడని చెప్పినచో మన పాఠకులలో కొందరు నమ్మకపోవచ్చును. ఆటోమన్ రాజకుమారులకు ఏదో యొక చేతివృత్తి నేర్పుట కులాచారమువంటిది. 1494లో ట్రెబిజోండులో పుట్టిన ఈ కుర్రవాడు అక్కడనే ఒక గ్రీకు కంసాలియొద్ద కుంపటి ఊదెనని ప్రఖ్యాత యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాసినాడు. ఎవ్లియా కథలను కొంత అతిశయోక్తి తీసివేసి చదువవలసినదే గాని, అతని తండ్రియే రాజప్రాసాదమున స్వర్ణకారుడగుటచేత ఈ విషయమున అతనిని త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పదు. తాను సుత్తి పట్టిన ప్రభువునకు మంచి పనికిని పైమెరుగు పనికిని భేదము చెప్పనక్కరలేదు గదా!

బంగారమును ఒంటరిగా కాక మరియొక వస్తువునకు తోడుగా నిలుపుటలోనే వారి గొప్పతన మున్నది. చీనా దేశపు తెల్లని పింగాణీ పాత్ర వచ్చినచో దానిని అట్లే వాడక, దానిపై బంగారు తీగెల లతను నడపి, అడుగడుగునకు పూరేకులవంటి గూటిలో ఒక కెంపును కూర్చుండబెట్టుదురు. ఆ గూటిని దగ్గరగా చూడుడు. సన్నని బంగారు రేకును చుట్టగా చుట్టి, అంచును చిన్న చిన్న దళములుగా కోసి, ఒక్కొక్క దళమును రాతిమీదికి మెల్లగా వంచుదురు. రాయి పువ్వు నడిమి దుద్దువలె మిగులును. రాతిని గూటి కొలతకు కోయరు, గూటినే రాతి కొలతకు చేయుదురు. అందుచేత ఒక కెంపు గుండ్రము, ప్రక్కది కోల, మరియొకటి మూలలు విరిగిన గులకరాయి, అయినను కన్నునకు లయ తప్పదు. పచ్చని జేడు రాతిపైనను, స్ఫటికముపైనను ఇదే పని. తుత్తునాగపు పాత్రలపై గూడ చేసినారు. దానిని వారు తూత్యా అందురు, వినగానే మన చెవికి చుట్టపు మాటవలె తోచును. పింగాణీ పెళుసు, ఒక్క దెబ్బ ఎక్కువైన చాలును. అంతటి వస్తువుమీద సుత్తి నెత్తిన చేతికి నేను నమస్కరింతును.

పదునారవ శతాబ్దపు బంగారు నీటికుండిక యొకటి కలదు. మతరా అని దాని పేరు, సుల్తాను వెంట సేవకుడు మోసెడిది. తోలుతిత్తి ఆకారమునే బంగారమున పోతపోసినట్లుండును, సర్పముఖములు, రత్నములు. మూడవ మురాదు కవితలకు 1588లో మెహమ్మదు అను స్వర్ణకారుడు చేసిన రత్నఖచితమైన బంగారు అట్టయు అట్టిదే. పుస్తకము తెరువకయే చదువవచ్చును. రాగిపై పాదరసముతో చేయు తోంబాక్ అను బంగారు మొలాము పనియు వారికి బాగుగ తెలియును. ఆ పాదరసపు పొగను పీల్చిన పనివారి ఊపిరితిత్తుల సంగతి ఏ చరిత్రకారుడును వ్రాయడు.

రత్నముల పుట్టుపూర్వోత్తరములతో నాకు పని తక్కువ. పచ్చలు పెక్కు దక్షిణ అమెరికావి. 1720 ప్రాంతమున బ్రెజిలు గనులు బయటపడువరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగ మన దేశమే పంపుచుండెను; అందులో కృష్ణాతీరపు కొల్లూరు గనుల పాలు ఎంతయో ఆ కాలపు వర్తకులకే తెలియును. కాబట్టి ఆ పాత పొదుగుడులో తళుక్కుమను ఒక రవ్వ మన గుంటూరు మట్టిదే యని తెలుగువాడు గర్వపడినచో తప్పులేదు.

ఇక ఆ పచ్చల పిడిబాకు. మొదటి మహమూదు ఇరానుప్రభువగు నాదిర్షాకు కానుకగా దీనిని చేయించెను. ఢిల్లీని దోచిన ఆ నాదిర్షా అప్పటికే ఒక బంగారు సింహాసనమును ఇస్తాంబూలునకు పంపియుండెను. రాయబారులు పిడిబాకుతో బయలుదేరిన పిమ్మట, 1747లో నాదిర్షా హత్యకు గురియగుటచేత వారు త్రోవనుండియే మరలివచ్చిరి. పిడి కొననున్న పచ్చ మూతవలె తెరచుకొనును. దానిక్రింద ఒక చిన్న గడియారము. చమత్కారమే, కాదనను. కాని యిక్కడ పచ్చయే మాటాడును, పనివాడు ప్రక్కన చేతులు కట్టుకొని నిలిచియుండును.

ఆ చేతులు కట్టుకొనుట క్రమముగ జాడ్యమైనది. మూడవ సెలీము 1789లో గద్దెనెక్కిన వెంటనే యుద్ధవ్యయమునకై బంగారు వెండి పాత్రలను టంకశాలకు తెప్పించి కరగించెను. ఎన్ని తెకెలూలు ఆ మూసలో గంజివలె కలిసిపోయినారో తలచుకొన్న కడుపు తరుగుకొనిపోవును. పిదప అబ్దుల్ మజీదు పవిత్రక్షేత్రమునకై రెండు దీపస్తంభములు చేయించెను: ఒక్కొక్కటి 48 కిలోల బంగారము, ఒక్కొక్కదానికి 6,666 వజ్రములు. భక్తిని నేను తూచను. కాని పనితనమును కిలోలలో చెప్పుకొను దినము వచ్చినదంటే ఆ పనితనమునకు నీళ్లు వదలినట్లే. 1856లో పూర్తియైన దోల్మాబాచె ప్రాసాదపు కప్పులకు 14 టన్నుల బంగారు రేకు పట్టినదని చెప్పుదురు. 1854లోనే విదేశీఋణములు మొదలైనవి, 1875లో దివాలా. అప్పుతెచ్చి అంటించిన రేకు! ఉక్కులో గాడి తీయ నేర్చిన వంశము, కప్పునకు జిగురుతో రేకు నంటించు స్థితికి దిగజారినది. ఆ వంశపు కడపటి ఖలీఫా కుమార్తె 1931లో మన హైదరాబాదు నిజాము ఇంటి కోడలగునాటికి, ఆ ఖలీఫా దేశము విడిచి ఫ్రాన్సున తలదాచుకొనియుండెను.

ఈ పతనమునకు పనివారే కారణమని కొందరనుట నాకు ఒళ్లుమంట. ఆర్మేనియను స్వర్ణకారులు కడవరకు పని నిలిపినారు. తరతరములు రాజటంకశాలను నడపిన దూజియను కుటుంబమువారిలో కొందరిని 1819లో సుల్తాను మరణదండనకు గురిచేసెను. అట్టి ప్రభుత్వము కొరకు ప్రాణములు పెట్టి పనిచేయుటకు ఎవని చేయి ఆడును? నేటికిని పెద్దబజారు చెంతనున్న చుహాజీ హానులో బంగారపు పనివారి గదులున్నవి. అక్కడ ఒక ముసలిపనివాడు కమ్మచ్చులోనుండి తీగ లాగుచుండగా అరగంటసేపు ద్వారబంధము నానుకొని చూచితిని. మన కంసాలి కమ్మచ్చే, రంధ్రములు గూడ అదే వరుస. ఇస్తాంబూలు పోవు మన తెలుగు యాత్రికులు, తెచ్చుకొన్నచో, ఇట్టి చేతినుండి వెండి ఉంగరమొక్కటైనను తెచ్చుకొనవలెను గాని, బజారు మొగసాలలో రాసులుగా పోసిన గిల్టు సామానును కొనరాదు.

నేనును ఆ రాసి చెంత నిలిచితిని. పచ్చగాజు పొదిగిన తోప్‌కాపి పిడిబాకులు డజన్లకొలది వ్రేలాడుచుండెను. ఒకదానిని తీసికొని, పిడి కొననున్న గాజుపచ్చ మూతను గోటితో ఎత్తజూచితిని, కదలలేదు. దీనిక్రింద ఏమున్నదని అంగడివానిని అడిగితిని. అతడు నవ్వి, జిగురున్నదనెను.