బోధకుని పెట్టెలోని ఉత్తరములు

ఒకరికి వ్రాసిన ఉత్తరము వేరొకరు చదువరాదని మన పెద్దలు నేర్పిన మర్యాదను ముద్రాయంత్రము ఏనాడో సడలించినది. వ్రాసినవారును అందుకొన్నవారును గతించిన పిమ్మట వారి లేఖలు గ్రంథరూపమున వెలువడినచో, వానిని చదువుట దోషము కాకపోగా పాండిత్యమే అనిపించుకొనును. నాకీ వ్యసనము చిరకాలముగా ఉన్నది. ఆత్మకథలలో మనుష్యుడు సభకు పోవునట్లు ఇస్త్రీ బట్టలతో కనబడును. ఉత్తరములలోనైతే బనియనుతో అరుగుమీద కూర్చుండి, పంట ధరయు, పిల్లల జ్వరమును, దైవచింతనయు ఒకే ఊపిరిలో చెప్పుకొనిపోవును.

ఈ నడుమ నన్ను విడువక పట్టుకొన్నవి అమెరికాలో జార్జియా రాష్ట్రమునకు చెందిన చార్లెస్ కాల్కాక్ జోన్స్ (1804–1863) కుటుంబపు లేఖలు. ఈయన ప్రెస్బిటేరియన్ బోధకుడు. కొలంబియా నగరపు వేదాంత విద్యాలయమున కొంతకాలము ఆచార్యుడు. రాబర్ట్ మాన్సన్ మైయర్స్ అను పండితుడు ఆ ఇంటి ఉత్తరములలో సుమారు 1,200 ఏరి, 1972లో 'ది చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్' అను పేర ప్రకటించినాడు. 1,800 పుటలు దాటిన ఆ గ్రంథమును పడుకొని చదువుట అసాధ్యము. ఒడిలో పెట్టుకొన్నను మోకాళ్ళు మొరపెట్టును.

జోన్స్ దుర్మార్గుడైనచో నేనింత శ్రమపడి ఉండను. ప్రిన్స్‌టన్‌లో చదువుకొను నాడు, తాను వివాహమాడబోవు మేరీకి వ్రాసిన లేఖలలో, బానిసత్వము దైవశాసనమునకును మానవధర్మమునకును విరుద్ధమని ఆయన నిస్సంకోచముగా అంగీకరించినాడు. 1830లో వారికి వివాహమైనది. పిదప లిబర్టీ కౌంటీలో మాంటెవీడియో, మేబ్యాంక్, ఆర్కేడియా అను మూడు తోటలకును, నూరుమందికి పైబడిన బానిసలకును యజమానియై, ఆ బానిసలకే మతబోధ చేయుట తన జీవితవ్రతముగా చేసికొన్నాడు. వారికి చదువను వ్రాయను నేర్పుట 1829 నాటి జార్జియా చట్టము ప్రకారము నేరము. కావున ఆయన ప్రశ్నోత్తరములను కూర్చి నోటిపాఠముగా వల్లె వేయించెడివాడు.

1833లో ఒకనాడు, పారిపోయిన దాసుడగు ఒనేసిమును పౌలు తిరిగి యజమానియొద్దకు పంపిన వృత్తాంతమును ఫిలేమోను పత్రికనుండి ఎత్తుకొని ఆయన ఉపన్యసించగా, శ్రోతలలో సగముమంది లేచిపోయిరి. నిలిచినవారిలో కొందరు అట్టి పత్రిక బైబిలులోనే లేదని ముఖముమీద అనిరి. అక్షరము నేర్వనీయని జనులు చేసిన ఈ గ్రంథవిమర్శకు సాటి యగునది నాకు తెలిసిన పండిత వ్యాఖ్యలలో లేదు. జోన్స్ దీనిని దాచలేదు. తానే తన నివేదికలో వ్రాసి అచ్చు వేయించినాడు.

ఇంతవరకు వచ్చిన పాఠకుడు ఆ బోధకుని నిజాయితీని మెచ్చుకొని పుట త్రిప్పును. 1856లో జేన్ అను యువతి ఆయన తోటనుండి పారిపోయి, సవానా నగరమున మారుపేరుతో కూలికి కుదిరి, పట్టుబడినది. అప్పుడు తండ్రికిని, సవానాలో న్యాయవాదిగా ఉన్న పెద్దకుమారునికిని నడుమ నడిచిన ఉత్తరములు చదువుచుండగా నాకు కలిగిన వైరస్యము ఇంతింత కాదు. వారెవరును కేకలు వేయరు, కఠినముగా ఒక మాట అనరు. జేన్ కుటుంబమును అమ్మదలచి, ఆమె తల్లి ఫీబీని, ఫీబీ భర్త కేసియస్‌ను, పిల్లలను విడదీసి అమ్ముట తగదని, అందరిని ఒక్కచోటనే మంచి యజమానికి అమ్మవలెనని తండ్రి ధర్మసూక్ష్మములు విచారించును. కుమారుడు వినయముతో సరేననును. కొన్నవాడు బేరగాడై, వారిని న్యూ ఆర్లీన్స్‌కు తరలించినాడు. మరుసటి యేడు ఆ దంపతులు అక్కడినుండి వ్రాయించిన లేఖలో, వెనుక నిలిచిపోయిన కుమార్తె క్లారిస్సాకును, మనుమలకును, బంధువులకును పేరుపేరున ప్రేమ తెలుపుకొన్నారు. ఇరువది దాటిన వయసులో, ప్రిన్స్‌టన్‌లో, ఈ తండ్రి ప్రశ్నించినది బానిసత్వమునే. ఏబది దాటినపిమ్మట ఆయన విచారించునది అమ్ము పద్ధతిని గురించి. ఈ మార్పు ఏ యేట వచ్చినదో ఏ ఒక్క ఉత్తరమును చూపి చెప్పలేము. ఒక్కొక్క ఉత్తరము చదివినప్పుడు ఆయన తనతో తాను రాజీపడకున్నట్లే ఉండును.

ఆ కాగితములలోనే అబ్రీమ్ స్క్రివెన్ అను బానిస 1858 సెప్టెంబరు 19న సవానానుండి తన భార్య డైనాకు వ్రాసిన ఉత్తరమొకటి కలదు. తనను ఒక బేరగానికి అమ్మినారని, అతడు న్యూ ఆర్లీన్స్ వాడని, ఆమెకు కొన్ని వస్తువులు పంప తలచినను ఎవరిచేత పంపవలెనో తెలియకున్నదని, ఈ లోకమున కలియకున్న పరలోకమున కలిసెదమని అందు ఉన్నది. వర్ణక్రమము తప్పుల తడక. మాట మాత్రము సూటి. డైనా జోన్స్ తోటలోనిది గనుక, ఆ కాగితము దొరగారి ఇంటి మీదుగా పోవుచు అక్కడనే నిలిచిపోయి ఉండునని నా ఊహ. బోధకుని రెండవ కుమారుడు డాక్టర్ జోసెఫ్ జోన్స్ యుద్ధానంతరము వైద్యవిద్య బోధించుటకు న్యూ ఆర్లీన్స్‌కు చేరుటవలన, ఇంటి పత్రములలో అధికభాగము నేడు ఆ నగరమందలి టులేన్ విశ్వవిద్యాలయమున భద్రముగా ఉన్నవి. అబ్రీమ్ ఉత్తరమును అక్కడనే ఉన్నది.

ఉత్తరములు చదువు విద్యలో నాకు అబ్బినదేమన్న కొంత ఉన్నచో అది ఇంతే: ముద్రించిన సంపుటములో ఎవరి కంఠము మ్రోగుచున్నదో వారిని వినుచునే, వారి వాక్యములలో కర్మగా మాత్రమే వచ్చు మనుష్యులను వేరొక కాగితముమీద వ్రాసికొనవలెను. ఈ పని ఘనముగా చేసినవాడు ఎర్స్‌కిన్ క్లార్క్. అవే పత్రములనుండి ఆయన 2005లో రచించిన 'డ్వెల్లింగ్ ప్లేస్'లో దొరల భవనముతోపాటు బానిసల గుడిసెలకును చరిత్ర లభించినది. తోటపని నడిపించిన కేటో అను బానిస దూరమున ఉన్న యజమానికి చెప్పి వ్రాయించిన ఉత్తరములకు అందు తగిన స్థానము దొరకినది. మైయర్స్ గ్రంథము కన్న క్లార్క్ గ్రంథమునే నేను గొప్పదందును. కాని మొదటిది చదువనివారికి రెండవదాని విలువ పూర్తిగా అందదు.

తాతముత్తాతల కాగితములు సర్ది వంశచరిత్ర వ్రాయబూనిన పాఠకులకు ఒక మనవి. సన్మానపత్రములకు పటము కట్టించుకొనుడు, కాదనను. పాలేళ్ళకు కొలిచిన గింజల పద్దులను, తనఖా పత్రములను, ఎవరినో పనిలోనుండి తీసివేయుచు తాతగారు వ్రాసిన చీటిని మాత్రము పాత కాగితములవానికి తూచి అమ్మకుడు. వానినికూడ ఆ పెట్టెలోనే ఉంచి, పెట్టెను ఏ గ్రంథాలయమునకో విశ్వవిద్యాలయమునకో అప్పగించుడు.